పాత పికప్ ట్రక్కుతో కాపురం: పోషణ, హంగులు, ట్రైలర్ లాగడం

శాన్ రామన్‌లో మన తెలుగువాళ్ళుండే ఏ వీధిలోకి వెళ్ళినా డ్రైవ్‌వేల్లో మామూలుగా కనపడేవి ఓ మినీవ్యాను, ఓ ఎలక్ట్రిక్ కారు. ఈ మధ్య వాటి పక్కన అక్కడక్కడా పదిహేను ఇరవై ఏళ్ళ పాత పికప్ ట్రక్కు కూడా దర్శనమిస్తోంది. పెరట్లో కూరగాయల మడులకి మట్టి తేవాలన్నా, గోడకి ప్లైవుడ్ షీట్లు కావాలన్నా, ఉగాది పండక్కి సంఘం వాళ్ళ స్టేజి సామాను హాలుకి చేర్చాలన్నా ఇంతకి మించిన బండి లేదు. ఇంట్లో ట్రక్కుందని తెలిస్తే చాలు, ఎవరు ఇల్లు మారుతున్నా మొదటి ఫోను మనకే!

ఇంతవరకూ చిక్కేమీ లేదు. అసలు కథ ట్రైలర్ తగిలించినప్పుడు మొదలవుతుంది. కోవిడ్ రోజుల్లో క్యాంపింగ్ ట్రైలర్లకి విపరీతమైన గిరాకీ వచ్చింది. 2021లో ఒక్క ఏడాదిలోనే అమెరికాలో 6 లక్షలకి పైగా ఆర్వీలు ఫ్యాక్టరీల నుంచి బయటికొచ్చాయి, అదొక రికార్డు. అప్పుడు కొన్నవాళ్ళలో చాలామంది తర్వాత అమ్ముకున్నారు. ఆ సెకండ్ హ్యాండ్ ట్రైలరు చూడగానే "మన ట్రక్కు వీ-8 కదా, లాగేస్తుందిలే" అనిపించడం సహజం. నిజమే, లాగేస్తుంది. ప్రశ్న అది కాదు. యోసెమిటీ నుంచి దిగి వస్తున్నప్పుడు, వెనక సీట్లో పిల్లలు నిద్రపోతుండగా, ఆ బరువుని ఆపగలదా అన్నది ప్రశ్న.

ఈ వ్యాసంలో చెప్పదలుచుకున్నది ఒక్కటే. లాగడం ఇంజను పని. ఆపడం, వేడెక్కకుండా ఉండడం, అటూ ఇటూ ఊగకుండా నడవడం మిగతా బండంతా కలిసి చెయ్యాల్సిన పని. పాత బండిలో ఇంజను బాగానే ఉంటుంది, ముసలితనం ముందు వచ్చేది ఈ మిగతావాటికే. అందుకని డబ్బు ముందు అటు పెట్టాలి, హంగులు తర్వాత.

ముందు తలుపు దగ్గర స్టిక్కరు చదవండి

"ఈ ట్రక్కు ఎంత లాగుతుంది?" అని అడిగితే అందరూ బ్రోషర్‌లో అంకె చెబుతారు. ఆ అంకెని కొంచెం అనుమానంగానే చూడాలి. ఒకప్పుడు ఏ కంపెనీ లెక్క ఆ కంపెనీదే. ఎస్.ఏ.ఈ. జె2807 అనే ఉమ్మడి పరీక్షా పద్ధతి వచ్చాక టయోటా 2011 మోడళ్ళకి దాన్ని ముందుగా పాటించింది. దాంతో టండ్రా అంకెలు కొన్ని వందల పౌండ్లు తగ్గాయి. బండి మారలేదు, కొలిచే పద్ధతి మారింది! ఫోర్డ్, జీ.ఎం., రామ్ హాఫ్ టన్ను ట్రక్కులు 2015 మోడళ్ళ నాటికి ఆ దారికొచ్చాయి. ఈ పరీక్షలో ఒక భాగం ఆరిజోనాలోని డేవిస్ డ్యామ్ ఎత్తు. 100 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో ఏసీ పూర్తిగా వేసుకుని, పదకొండు మైళ్ళకి పైగా ఎక్కుతూ, మామూలు పికప్ వేగం గంటకి 40 మైళ్ళ కిందికి పడిపోకూడదు. అంటే 2005, 2008 మోడల్ ట్రక్కు బ్రోషర్‌లోని అంకెకీ ఇప్పటి ట్రక్కు అంకెకీ పోలిక లేదు.

అసలు చూడాల్సింది డ్రైవర్ తలుపు ఫ్రేము మీద ఉన్న స్టిక్కర్లు. 2006 మోడల్ నుంచి వచ్చిన బళ్ళలో టైర్ల స్టిక్కరు మీద మనుషులూ సామానూ కలిపి ఇన్ని పౌండ్లు మించకూడదు అని రాసి ఉంటుంది. అదే పేలోడ్. అంతకన్నా పాత బండైతే స్టిక్కరు మీద మొత్తం బరువు పరిమితి, అంటే జి.వి.డబ్ల్యు.ఆర్., ఒక్కటే కనపడవచ్చు. అప్పుడు ట్యాంకు నింపి, ఖాళీ ట్రక్కుని ఐ-5 మీద ట్రక్ స్టాపుల్లో ఉండే కాటా ఎక్కించి, ఆ బరువుని పరిమితిలోంచి తీసెయ్యండి. మిగిలింది పేలోడ్.

ఒక ఉదాహరణ చూద్దాం. బ్రోషర్‌లో 9,000 పౌండ్లు లాగుతుందని ఉంది. తలుపు దగ్గర స్టిక్కరులో పేలోడ్ 1,500 అని ఉంది.

* నలుగురు మనుషులు: 560 పౌండ్లు
* బెడ్ మీద బిగించిన ఫైబర్ గ్లాస్ షెల్: 180
* కూలరు, స్టవ్వు, కుర్చీలు, వంట సామాను: 200
* వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్: 80

మొత్తం 1,020. మిగిలింది 480 పౌండ్లు. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం ట్రక్కు వెనక హిచ్ మీద పడుతుంది. 13 శాతం వేసుకుంటే, 480 పౌండ్లు మోయగల ట్రక్కు సుమారు 3,700 పౌండ్ల ట్రైలర్‌కే సరిపోతుంది. బ్రోషర్‌లో తొమ్మిది వేలు, మన సంసారానికి మూడు వేల ఏడువందలు! పిండి కొద్దీ రొట్టె అన్నట్టు, పేలోడ్ కొద్దీ ట్రైలరు.

అన్నట్టు, అమ్మేవాళ్ళు చెప్పే ట్రైలర్ బరువు "డ్రై వెయిట్", అంటే ఖాళీ బరువు. గ్యాలన్ నీళ్ళు 8.3 పౌండ్లు. 30 గ్యాలన్ల ట్యాంకు నింపితే అక్కడే 250 పౌండ్లు. గ్యాస్ సిలిండర్లు, బ్యాటరీలు, పరుపులు, గిన్నెలు అదనం. లెక్క ఎప్పుడూ నిండు బరువు మీదే వెయ్యాలి.

టంగ్ వెయిట్ అంటే ఎద్దుబండి లెక్కే

ట్రైలర్ ముందు భాగం హిచ్ మీద మోపే బరువుని టంగ్ వెయిట్ అంటారు. ఇది మనకి కొత్త విద్యేమీ కాదు. ఎద్దుబండికి బస్తాలెత్తే రైతుకి ఏ స్టిక్కరూ అక్కర్లేదు. బరువు మరీ ముందుకి వస్తే కాడి ఎద్దుల మెడల్ని నొక్కేస్తుంది. మరీ వెనక్కి పోతే నొగ పైకి లేస్తుంది, ఎద్దులకి పట్టు దొరకదు. ట్రైలర్‌లోనూ అంతే. ముందు బరువెక్కువైతే ట్రక్కు వెనక చక్రాలు కుంగి, ముందు చక్రాలు తేలి, స్టీరింగూ బ్రేకూ పట్టు తప్పుతాయి. వెనక బరువెక్కువైతే ట్రైలరు తోక ఊపడం మొదలుపెడుతుంది. బరువులో 60 శాతం ట్రైలర్ ముందు సగంలో, వీలైనంత కిందుగా, ఇరుసుకి దగ్గరగా ఉండాలి.

ఊగడం మొదలైతే ఏం చెయ్యాలో ముందే తెలిసుండాలి, ఎందుకంటే అప్పుడు ఆలోచించే టైముండదు. ట్రక్కు బ్రేకు గట్టిగా తొక్కకూడదు, స్టీరింగు అటూ ఇటూ తిప్పకూడదు, వేగం పెంచకూడదు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగు నిటారుగా పట్టుకుని, బ్రేకు కంట్రోలర్ మీదున్న మీటతో ట్రైలర్ బ్రేకులు మాత్రం మెల్లగా వెయ్యాలి. తర్వాత పక్కకి ఆపి సామాను సర్దుకోవాలి. ఏమీ సర్దకుండా మళ్ళీ బయల్దేరితే మళ్ళీ ఊగుతుంది.

రోజువారీ పోషణ

బండితో వచ్చిన మాన్యువల్‌లో రెండు షెడ్యూళ్ళుంటాయి, మామూలుది ఒకటి, కఠినమైన వాడకానికి ఒకటి. ట్రైలర్ లాగడం రెండోదాని కిందికే వస్తుంది. పాత బండి కొన్నవాళ్ళు ఆ పేజీ ఒక్కసారైనా చదవండి.

ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్: లాగే బళ్ళలో ముందు కాలిపోయేది ఇదే. ఫ్లూయిడ్ "జీవితాంతం ఉంటుంది" అన్న మాట ట్రైలర్ లాగని బండికి చెల్లవచ్చేమో గానీ మనకి కాదు. డిప్‌స్టిక్కు ఉంటే తీసి చూడండి. ఎర్రగా ఉండాలి. గోధుమరంగుకి తిరిగి మాడిన వాసన వస్తుంటే ట్రైలర్ సంగతి మరిచిపోయి ముందు మెకానిక్ దగ్గరికి వెళ్ళండి. చాలా బళ్ళలో ఈ ఫ్లూయిడ్ రేడియేటర్ లోపలి గొట్టంలోనే చల్లబడుతుంది. ఆ గొట్టం లోపల పగిలితే కూలెంటూ ఫ్లూయిడూ కలిసిపోయి ట్రాన్స్‌మిషన్ మొత్తం పోతుంది. 2005 నుంచి 2010 దాకా వచ్చిన నిస్సాన్ ఫ్రాంటియర్లలో ఈ జబ్బు బాగా తెలిసినదే. అది కొనేవాళ్ళు రేడియేటర్ మార్చారో లేదో అడిగి తెలుసుకోవాలి.

కూలింగ్: రేడియేటర్, గొట్టాలు, థర్మోస్టాట్, వాటర్ పంప్, ఫ్యాన్ క్లచ్. రబ్బరు గొట్టాలు మైళ్ళతో కాదు, ఏళ్ళతో పాడవుతాయి. చల్లారిన ఇంజను మీద చేత్తో నొక్కి చూడండి, మెత్తగా పిండిలా ఉన్నా, పెళుసుగా గరగరమన్నా మార్చెయ్యండి. ఇంకో మాట. చాలా ట్రక్కుల్లో టెంపరేచర్ సూది నిజం పూర్తిగా చెప్పదు. వేడి కొంత పెరిగినా మధ్యలోనే నిలబడేలా కంపెనీవాళ్ళే అమరుస్తారు. 1996 మోడల్ నుంచి వచ్చిన ప్రతి బండికీ ఓ.బి.డి.-2 ప్లగ్గు ఉంది. చవకలో దొరికే బ్లూటూత్ రీడర్ దానికి పెట్టి ఫోన్‌లో అసలు అంకె చూసుకోవచ్చు. చాలా బళ్ళలో ట్రాన్స్‌మిషన్ వేడి కూడా కనపడుతుంది. ప్రొడక్షన్ సర్వర్‌ని మానిటరింగ్ లేకుండా నడపని మనం, పిల్లల్ని ఎక్కించుకున్న బండిని ఒక్క సూదిని నమ్మి నడపడం ఏం న్యాయం?

బ్రేకులు: ప్యాడ్లు అందరూ చూస్తారు, బ్రేకు ఫ్లూయిడ్ ఎవరూ చూడరు. అది గాల్లో తేమని పీల్చుకుంటుంది. కొత్త డాట్-3 ఫ్లూయిడ్ మరిగే ఉష్ణోగ్రత కనీసం 401 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండాలి, తేమ పట్టిన దానికి నియమం 284 డిగ్రీలే. కొండ దిగేటప్పుడు ఫ్లూయిడ్ మరిగి ఆవిరైతే పెడల్ నేలకంటుతుంది గానీ బండి ఆగదు. రెండు మూడేళ్ళకోసారి మార్పించండి. ఇది పెద్ద ఖర్చు కాదు.

టైర్లు: టైరు పక్కన డాట్ కోడ్ చివర నాలుగంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. ట్రెడ్ ఎంత లోతుగా ఉన్నా ఆరేళ్ళు దాటితే ఏటా చూపించుకోవాలి, పదేళ్ళు దాటితే వాడకూడదు. ట్రక్కు కింద వేలాడే స్పేర్ టైరు ఎప్పటిదో కూడా చూడండి, చాలా బళ్ళలో అది ఫ్యాక్టరీ నుంచి వచ్చినదే!

ఛాసిస్ తుప్పు: శాన్ రామన్‌లో మంచూ లేదు, రోడ్ల మీద ఉప్పూ లేదు. కానీ మీరు కొన్న బండి మంచు రాష్ట్రం నుంచి వచ్చుంటే కింద ఛాసిస్ చూపించుకోండి. పాత టకోమా, టండ్రాల్లో ఛాసిస్ తుప్పు విషయంలో టయోటా మీద కేసు నడిచి, 2005-2010 టకోమా, 2007-2008 టండ్రా వగైరాలకి పెద్ద సెటిల్‌మెంట్ కూడా జరిగింది. బండి ఏ రాష్ట్రాల్లో తిరిగిందో హిస్టరీ రిపోర్టులో తెలిసిపోతుంది.

వీటితోపాటు వెనక డిఫరెన్షియల్ ఆయిల్, డ్రైవ్ షాఫ్ట్ యు-జాయింట్లు, బెల్టు, బ్యాటరీ. ఆయిల్ మీరే మార్చుకుంటే పాత ఆయిల్ మురికి కాలవలో పొయ్యకండి, అది నేరం. ఆటో పార్ట్స్ షాపుల్లో చాలావరకు తీసుకుంటారు. పెయింట్లు, కూలెంట్ లాంటివి కూడా ఉంటే శాన్ రామన్ వాళ్ళకి మార్టినెజ్‌లో సెంట్రల్ కాంట్రా కోస్టా శానిటరీ డిస్ట్రిక్ట్ వారి కేంద్రం ఉంది.

హంగులు: ఏది ముందు, ఏది వెనక

పాత ట్రక్కు కొన్నాక మొదటి వారం పాత ఫోటోలు, కొత్త ఫోటోలు పక్కపక్కన పెట్టి చూసుకోవాలని అందరికీ ఉంటుంది. పెద్ద టైర్లు, ఎత్తు పెంచే కిట్టు, నల్లటి గ్రిల్లు... లాగే బండికి మాత్రం ఈ వరస మంచిది.

1. విడిగా ఒక ట్రాన్స్‌మిషన్ కూలర్. ఫ్యాక్టరీ టో ప్యాకేజ్‌తో వచ్చిన బళ్ళలో ఇది ముందే ఉండవచ్చు.
2. మంచి బ్రేకు ప్యాడ్లు, కొత్త ఫ్లూయిడ్.
3. ఎల్.టి. టైర్లు. కారు తరహా పి-మెట్రిక్ టైరుని పికప్‌కి వేస్తే దాని మీద రాసిన బరువుని 1.10తో భాగించి లెక్కపెట్టాలి. ఎల్.టి. టైరు పక్కలు గట్టిగా ఉంటాయి, ఊగుడు తగ్గుతుంది.
4. బ్రేకు కంట్రోలర్. రెండు రకాలున్నాయి. ఒకటి టైము చూసి ట్రైలర్ బ్రేకులు వేస్తుంది, రెండోది ట్రక్కు ఎంత గట్టిగా ఆగుతోందో గమనించి అంతే గట్టిగా వేస్తుంది. రెండోదాన్ని ప్రొపోర్షనల్ అంటారు, అదే తీసుకోండి. చాలా పాత ట్రక్కుల్లో డ్యాష్‌బోర్డు కింద దీనికి ప్లగ్గు సిద్ధంగా ఉంటుంది.
5. 7-పిన్ కనెక్టర్. చిన్నది, 4-పిన్‌ది, లైట్లకే పనికొస్తుంది. ట్రైలర్ బ్రేకులు పనిచెయ్యాలంటే పెద్దది ఉండాలి.
6. పొడవాటి టోయింగ్ అద్దాలు. వెనక 200 అడుగుల దూరం కనపడాలని కాలిఫోర్నియా చట్టం.

హిచ్ మీద కూడా ఒక స్టిక్కరు ఉంటుంది. చాలావాటి మీద రెండు అంకెలుంటాయి, మామూలుగా తగిలిస్తే ఇంత, వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్‌తో ఇంత అని. హిచ్ ఎంత పెద్దదైనా ట్రక్కు పరిమితి పెరగదు. గొలుసులో బలహీనమైన లంకె ఎక్కడుందో అదే మన పరిమితి.

వెనక ఎయిర్ బ్యాగులు, అదనపు స్ప్రింగుల సంగతి కూడా అంతే. ఇవి వేస్తే ట్రక్కు వెనక భాగం కుంగదు, చూడ్డానికి బాగుంటుంది. కానీ ఇరుసు, చక్రాలు, బ్రేకులు పాతవే కదా. తలుపు దగ్గర స్టిక్కరు మీద అంకె ఒక్క పౌండు కూడా మారదు.

ఇక పెద్ద టైర్లు. బండికి వెనక గేరు 3.73 ఉందనుకోండి. పది శాతం పెద్ద టైరు వేస్తే అది 3.39తో సమానమవుతుంది. అంటే లాగే శక్తిని మనమే డబ్బులిచ్చి తగ్గించుకున్నట్టు. స్పీడోమీటరు కూడా తక్కువ చూపిస్తుంది. ఎత్తు పెంచే కిట్టు వేస్తే బరువు పైకి పోతుంది, హిచ్ ఎత్తు మారుతుంది. షోకు కోసం చేసుకుంటే చేసుకోండి, ట్రైలర్ లాగే బండికి మాత్రం వద్దు.

ఇంజను ట్యూనర్లు, ఇన్‌టేకులు, ఎగ్జాస్టులు కొనేముందు కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఇచ్చే ఈ.వో. నంబరు ఉందో లేదో చూడండి. లేకపోతే స్మాగ్ చెక్‌లో ఆగిపోతుంది. 1976 నుంచి వచ్చిన పెట్రోల్ బళ్ళకి, 1998 నుంచి వచ్చిన డీజిల్ బళ్ళకి రెండేళ్ళకోసారి ఈ పరీక్ష ఉంది, మరీ కొత్తవాటికి మాత్రం మినహాయింపు. పరీక్షకి ముందు రోజు బ్యాటరీ తీసి పెడితే కంప్యూటర్ సిద్ధంగా లేదని వెనక్కి పంపుతారు, కొన్ని రోజులు మామూలుగా నడిపాక వెళ్ళండి. ఎత్తుగా ఉండే ట్రక్కుల కిందికి దూరి క్యాటలిటిక్ కన్వర్టర్ కోసుకుపోయే దొంగలు కూడా ఎక్కువే. వీళ్ళని కట్టడి చెయ్యడానికి కాలిఫోర్నియా 2022లో కొత్త చట్టాలు చేసింది గానీ, రాత్రి పూట బండి గ్యారేజీలోనో లైటు కిందో ఉంచడం మన జాగ్రత్త.

ట్రైలర్‌కీ వయసుంటుంది

ట్రక్కుకి అన్నీ చేసి ట్రైలర్‌ని మరిచిపోవడం మామూలే. ఏడాదిలో పది నెలలు కదలకుండా పడుండే బండి అది, అందుకే దాని టైర్లు అరగకముందే ముసలివైపోతాయి. ట్రైలర్‌కి వేసే ఎస్.టి. టైర్లలో చాలావాటికి వేగ పరిమితి 65 మైళ్ళే. చక్రాల బేరింగులకి ఏడాదికోసారి లేదా 12,000 మైళ్ళకోసారి గ్రీజు పెట్టించాలి. చక్రం విప్పి బిగించాక 10, 25, 50 మైళ్ళ దగ్గర ఆగి నట్లు మళ్ళీ సరిచూడాలి. ట్రైలర్ ఊడిపోతే దాని బ్రేకులు వాటంతట అవే పడేలా బ్రేక్‌అవే స్విచ్ ఉంటుంది, దానికి చిన్న బ్యాటరీ ఉంటుంది. ఆ బ్యాటరీ చచ్చిపోయి ఉంటే స్విచ్ ఉండీ లేనట్టే.

కాలిఫోర్నియా రూల్సు

* పికప్ ట్రక్కుని ఇక్కడ సొంతానికి వాడినా కమర్షియల్ కిందే రిజిస్టర్ చేస్తారు, బరువు ఫీజు అదనం. రిజిస్ట్రేషన్ నోటీసు చూసి కంగారు పడకండి.
* ట్రైలర్ లాగే బండికి వేగ పరిమితి 55 మైళ్ళు, ఫ్రీవే మీద బోర్డు 65 అన్నా 70 అన్నా సరే. కుడివైపు లేన్లలోనే వెళ్ళాలి.
* సాధారణ క్లాస్ సీ లైసెన్సుతో 10,000 పౌండ్ల జి.వి.డబ్ల్యు.ఆర్. దాకా ఒక ట్రైలర్ లాగవచ్చు.
* 3,000 పౌండ్లు, ఆపైన ఉండే ట్రైలర్‌కి బ్రేకులుండాలి. క్యాంపింగ్ ట్రైలర్లకి 1,500 నుంచే.
* సేఫ్టీ చెయిన్లు తప్పనిసరి. టంగ్ కింద ఒకదానిమీద ఒకటి దాటేట్టు తగిలిస్తే, హిచ్ ఊడినా టంగ్ వాటిమీద పడుతుంది, రోడ్డుకి గుచ్చుకోదు.
* నడుస్తున్న మామూలు ట్రైలర్‌లో మనుషులు కూర్చోకూడదు. పెళ్ళివారంతా ట్రాక్టరు తొట్టిలో వెళ్ళిన ఊళ్ళనుంచి వచ్చాం గానీ, ఇక్కడ కుదరదు.
* సామాను మోసే ట్రైలర్లకి శాశ్వత ప్లేటు ఇచ్చి అయిదేళ్ళకోసారి ఫీజు తీసుకుంటారు. క్యాంపింగ్ ట్రైలర్లకి ఏటా కట్టాలి.

ఇవి కాక మన హోమ్ ఓనర్స్ అసోసియేషన్ రూల్సు వేరే. డోహర్టీ వ్యాలీ లాంటి చోట్ల ట్రైలర్ డ్రైవ్‌వేలో పెట్టనిస్తారో లేదో కొనకముందే చదువుకోండి. స్టోరేజి అద్దె కూడా బడ్జెట్‌లో వేసుకోవాల్సి రావచ్చు. ఇన్సూరెన్స్ ఏజెంటుకి కూడా ఒక ఫోను చెయ్యండి. ట్రైలర్ వల్ల ఎదుటివాళ్ళకి జరిగే నష్టం ఒకటి, ట్రైలర్‌కే జరిగే నష్టం ఇంకొకటి, రెండోదానికి చాలాసార్లు విడిగా పాలసీ కావాలి.

మన చుట్టుపక్కల ఎత్తులూ పల్లాలూ

మొదటి ట్రిప్పు దూరం పెట్టుకోకండి. లివర్‌మోర్ పక్కన డెల్ వాలే చెరువు దగ్గర క్యాంప్‌గ్రౌండు ఉంది. ఆ కాస్త దూరంలోనే హిచ్ ఎలా ఉంది, బ్రేకు కంట్రోలర్ సెట్టింగు సరిపోయిందా, ఏ నట్టు వదులైంది అన్నీ తెలిసిపోతాయి.

తూర్పుగా ఐ-580 మీద ఆల్టమాంట్ కనుమ. అక్కడ గాలిమరలు ఊరికే పెట్టలేదు! ఎండాకాలం సాయంత్రాలు గాలి బలంగా వీస్తుంది, డబ్బాలాంటి ట్రైలర్ పక్కకి తోసుకుపోతుంది. పొద్దున్నే దాటడం మేలు. హైవే 152 మీద పచేకో కనుమ దగ్గరా ఇదే వరస.

యోసెమిటీకి హైవే 120 మీద వెళ్తే మొకాసిన్ దాటాక రెండు దారులొస్తాయి. ఓల్డ్ ప్రీస్ట్ గ్రేడ్ రెండు మైళ్ళలోనే దాదాపు 1,500 అడుగులు ఎక్కేస్తుంది. ఫోన్లో మ్యాపు "ఇది దగ్గర దారి" అని అటు చూపించినా వెళ్ళకండి. ట్రైలర్ ఉంటే ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ న్యూ ప్రీస్ట్ గ్రేడ్ మీదే వెళ్ళాలి.

లాస్ ఏంజెలెస్ వైపు వెళ్తే ఐ-5 మీద గ్రేప్‌వైన్, టెహోన్ కనుమ ఎత్తు 4,144 అడుగులు. తాహో వైపు ఐ-80 మీద డానర్ శిఖరం 7,239 అడుగులు. టర్బో లేని ఇంజను ప్రతి వెయ్యి అడుగులకీ సుమారు 3 శాతం శక్తి కోల్పోతుంది. డానర్ దగ్గర అయిదో వంతు పోయినట్టే. ఎక్కేటప్పుడు టో/హాల్ మోడ్ వేసుకోండి, అది లేని పాత బండిలో ఓవర్‌డ్రైవ్ ఆపండి. వేడి పెరుగుతుంటే ఏసీ ఆపి, హీటర్ వేసి, మెల్లగా వెళ్ళండి. చలికాలంలో ఇంకో సంగతి. "నాది ఫోర్ వీల్ డ్రైవ్, నాకు చెయిన్లు అక్కర్లేదు" అన్న ధీమా ట్రైలర్ ఉంటే పనికిరాదు. ఆర్-1 స్థాయి నుంచే లాగే బండి ఒక డ్రైవ్ యాక్సిల్‌కీ, బ్రేకులున్న ట్రైలర్ ఒక యాక్సిల్‌కీ చెయిన్లు వెయ్యాలి.

ఎక్కడం కన్నా దిగడం ముఖ్యం. దిగడం మొదలవకముందే కింది గేరులోకి వచ్చెయ్యండి. బ్రేకు మీద కాలు అలాగే ఉంచకుండా, గట్టిగా నొక్కి వేగం తగ్గించి, వదిలేసి, చల్లారనిచ్చి, మళ్ళీ నొక్కండి. 55 బదులు 65లో వెళ్తే బ్రేకులు మింగాల్సిన శక్తి దాదాపు 40 శాతం పెరుగుతుంది, వేగం వర్గంతో పెరుగుతుంది కనక. చిన్నప్పుడు చదువుకున్న ఫిజిక్సే! 55 పరిమితి పెట్టినవాళ్ళు తెలివితక్కువవాళ్ళు కాదు.

మెకానిక్ దగ్గర మన హక్కులు

కాలిఫోర్నియాలో రిపేరు షాపు బ్యూరో ఆఫ్ ఆటోమోటివ్ రిపేర్‌లో రిజిస్టరై ఉండాలి. పని మొదలుపెట్టేముందు ఎస్టిమేట్ రాసివ్వాలి, అది దాటితే మన అనుమతి తీసుకోవాలి. పని ఒప్పుకునేటప్పుడే అడిగితే తీసేసిన పాత పార్టులు చూపించాలి. "పాత బండికి ఇంత ఖర్చా" అనిపించినప్పుడు బండి ధరతో పోల్చకండి. కొత్త ట్రక్కు నెల వాయిదాతో పోల్చుకోండి. పెద్ద రిపేరు ఒకటి కొన్ని నెలల వాయిదాలకి సమానం కావచ్చు, ఆ తర్వాత ఏళ్ళ తరబడి వాయిదా ఉండదు. అయితే ఛాసిస్ తుప్పుపట్టినా, ట్రాన్స్‌మిషన్ జారుతున్నా లెక్క మారిపోతుంది. అలాంటి బండి మట్టి మొయ్యడానికి ఉంచుకోండి, ట్రైలర్‌కి మాత్రం వద్దు.

బయల్దేరే ముందు పది నిమిషాలు

హిచ్ పిన్ను, లాకు. చెయిన్లు. బ్రేక్‌అవే తాడు. 7-పిన్ ప్లగ్గు. ఒకరు వెనక నిలబడి లైట్లు చూడడం. ట్రక్కుకీ ట్రైలర్‌కీ టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి. ఇంజను ఆయిలు, కూలెంటు. స్టెబిలైజర్ జాక్‌లు పైకెత్తడం. వీధి చివరకి వెళ్ళేలోపు మెల్లగా నడుపుతూ ట్రైలర్ బ్రేకు మీట ఒక్కసారి నొక్కి చూడడం. మొదటి పెట్రోలు బంకు దగ్గర దిగి చక్రాల మధ్యభాగం దగ్గర చెయ్యి పెట్టి చూడండి. ఒకటి మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే అక్కడ బేరింగో బ్రేకో పట్టేసినట్టు.

ఇదంతా చదివి "అమ్మో, ఇంత తతంగమా" అనుకోకండి. మొదటి రెండు ట్రిప్పులకే ఇది అలవాటైపోతుంది. పాత ట్రక్కు మంచి బండి. దాని పరిమితి ఎంతో అది ఎప్పుడో తలుపు దగ్గరే రాసి పెట్టింది. ఈ శనివారం వీలు చూసుకుని తలుపు తెరిచి ఆ అంకె ఒక కాగితం మీద రాసుకోండి, మీ ఇంటిల్లిపాది బరువూ సామాను బరువూ అందులోంచి తీసెయ్యండి. ట్రైలర్ బేరం ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు. క్షేమంగా వెళ్ళి లాభంగా రండి!